బరువు ఎటు లాగుతోంది?

1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌తో వెయిట్‌లిఫ్టింగ్‌లో ఒక ఎత్తుడు కథ ముగిసింది. దాని పేరు ప్రెస్. బారును భుజాల దాకా తెచ్చుకుని, మోకాళ్లు వంచకుండా, చేతుల బలంతో తలపైకి నెట్టాలి. అంతే. ఇంతకన్నా సాదా కసరత్తు ఉంటుందా? 1928 ఆమ్‌స్టర్‌డామ్ నుంచి, బారును ఒకే ఊపులో తలపైకి లేపే స్నాచ్, ముందు భుజాలకు తెచ్చి ఆపైన తలపైకి లేపే క్లీన్ అండ్ జెర్క్‌ల సరసన ఇదీ ఉండేది. సోవియట్ భారీకాయుడు వాసిలీ అలెక్సేయెవ్ ఆ ఏడాదే 236.5 కిలోలు ప్రెస్ చేశాడు. ఆ రికార్డును ఇక ఎవరూ చెరపలేరు. చెరపడానికి ఆ పోటీయే లేదు.

ఎందుకు తీసేశారు? బరువులు పెరిగేకొద్దీ లిఫ్టర్లు నడుము దగ్గర విల్లులా వెనక్కి వంగడం నేర్చారు. నిలబడే ఉంటారు గానీ, బల్లమీద వెల్లకిలా పడుకుని ఛాతీ మీంచి నెట్టినట్టే నెడతారు. ఎంత వంపు ఒప్పు, ఎక్కణ్నుంచి తప్పు అన్నది జడ్జీలకు తేలలేదు. ఒకే ఎత్తుడుకి ఒకరు తెల్లదీపం వెలిగిస్తే పక్కాయన ఎర్రదీపం వెలిగించేవాడు. నడుములు పాడైపోతాయన్న భయమూ తోడైంది. 44 ఏళ్లు పద్ధతి ప్రకారం జరిగిన ఎత్తుడు ఒక తీర్మానంతో పద్ధతి తప్పినదై కూర్చుంది.

ఇంకా వెనక్కి, 1896 ఏథెన్స్‌కి వెళ్తే తమాషా పెరుగుతుంది. అక్కడ ఒంటిచేత్తో ఎత్తడం వేరే పోటీ. రెండుచేతుల పోటీలో డెన్మార్క్‌కి చెందిన విగో జెన్సెన్, బ్రిటన్‌కి చెందిన లాన్సెస్టన్ ఇలియట్ ఇద్దరూ 111.5 కిలోల దగ్గరే నిలిచారు. జెన్సెన్ ఎత్తిన తీరు బాగుందని గెలుపు అతనికిచ్చారు. ఆ పెనుగులాటలో అతని భుజం దెబ్బతింది. తర్వాత ఒంటిచేతి పోటీలో అతను 57 కిలోల దగ్గర ఆగిపోతే, ఇలియట్ 71 కిలోలు ఎత్తి లెక్క సరిచేశాడు. ఒంటిచేతి ఎత్తుళ్లు 1924 పారిస్‌లో కూడా ఉన్నాయి. ఇవాళ జిమ్‌లో ఎవరైనా పొడవాటి బారును ఒంటిచేత్తో తలపైకి లేపితే పక్కవాళ్లు ఫోన్లు తీస్తారు.

అందుకే ‘వింత కసరత్తు’ అన్నమాట వాడేటప్పుడు నాకు కొంచెం జంకు. ఆ వింత ఎక్కువగా రూల్‌బుక్‌లోనో, జిమ్‌లో ఉన్న సామాన్లోనో, చూసేవాళ్ల అలవాటులోనో ఉంటుంది. ఎముకకు రూల్‌బుక్ తెలీదు. దానిమీద ఎంత బలం పడుతోంది, అది ఎటు లాగుతోంది, ఇలాంటి పని ఇంతకుముందు చేసిందా లేదా అన్నదే దాని గోడు. ఈ అధ్యాయంలో మనం చూడబోయే కసరత్తులన్నిటినీ ఆ గోడు వింటూనే చూద్దాం.

ముందు ఒక తేడా చెప్పుకోవాలి. 2000లో సిడ్నీలో మన శ్రీకాకుళం ఆడపడుచు కరణం మల్లీశ్వరి 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలతో కాంస్యం తెచ్చారు. ఆఖరి ప్రయత్నంలో 137.5 కిలోలు నిలిచి ఉంటే అది స్వర్ణమే. ఆమెకు స్నాచ్ అంటే పరీక్ష పేపరు. అదే స్నాచ్ కబడ్డీ రైడరుకు ట్యూషన్ మాత్రమే. అతని మార్కులు పడేది కోర్టులో. స్నాచ్ సరిగా రావాలంటే నెలల తరబడి సాధన కావాలి. ఇసుక బస్తా కౌగిలించుకుని లేపడం రెండు మూడు రోజుల్లో వస్తుంది. ఏడాదిలో ఎక్కువ భాగం మ్యాచ్‌లతో గడిచిపోయే ఆటగాడికి ఈ లెక్క చిన్నది కాదు. మామూలు ఎత్తుళ్లే పవిత్రమని పట్టుబట్టే కోచ్‌లు ఈ కాలం ఖర్చును సాధారణంగా మరచిపోతారు.

వింత ఎత్తుళ్లలో చాలావాటికి పుట్టుక లేమి. జిమ్‌లో బారును భుజాల ఎత్తున పెట్టుకునే స్టాండు ఇప్పుడు ఎక్కడైనా ఉంటుంది. వందేళ్ల క్రితం లేదు. బరువైన బారును వీపుమీదికి తెచ్చుకోవడం ఎలా? 1921లో జర్మనీ నుంచి అమెరికా చేరిన హెన్రీ స్టైన్‌బోర్న్ బారును రోకలిలా నిలువుగా నిలబెట్టి, దాని కిందికి పక్కగా దూరి, వీపుమీదికి ఒరగదోసుకుని గొంతుక్కూర్చునేవాడు. ఆ ఎత్తుడుకి అతని పేరే మిగిలింది. 1930లలో సెయింట్ లూయిస్ ఊరివాడు ఎడ్ జెర్చర్ ఇంకో దారి చూపాడు. బారును మోచేతుల మడతల్లో పెట్టుకుని, పసిపిల్లను ఎత్తుకున్నట్టు పొట్టకు ఆనించుకుని లేవడం. స్టాండ్లు వచ్చాక స్టైన్‌బోర్న్ పద్ధతి దాదాపు ప్రదర్శనగా మిగిలిపోయింది. అలా మిగలడమే మంచిది. బరువు ఒక పక్క నుంచి వెన్నుమీద ఒరుగుతున్న ఆ రెండు క్షణాల్లో వెన్నెముక వంగడమూ మెలిపడడమూ ఒకేసారి జరుగుతాయి. దానికి తగిన లాభం ఏ ఆటలోనూ నాకు కనిపించదు.

జెర్చర్ పద్ధతి మాత్రం బతికింది, అదీ స్టాండ్లు నిండిన జిమ్‌లలో. కారణం ఉంది. బరువు ముందుంటుంది కాబట్టి మనిషి నిటారుగా కూర్చోక తప్పదు. వీపు పైభాగం గుండ్రంగా ముడుచుకుపోకుండా కండరాలు మొదటి నుంచి చివరిదాకా పట్టి ఉంచాలి. కుస్తీ, జూడో ఆడేవాళ్లు ప్రత్యర్థిని పట్టుకునేది సరిగ్గా అక్కడే, మోచేతుల మడతల్లో, ఛాతీకి ఆనించి. వాళ్లకు ఇది వింత కాదు, ఇంటిపని. నేను ఒకసారి ఉత్సాహం కొద్దీ 60 కిలోలతో చేసి, వారం రోజులు మోచేతుల దగ్గర నీలం మచ్చలతో తిరిగాను. రెండు చేతులకూ రక్తపరీక్ష ఎందుకు చేశారని ఇంట్లో కంగారుపడ్డారు. మచ్చలు పోతాయి. దీన్లో అసలు హద్దు వీపు పైభాగానిది. అది గుండ్రబడిన క్షణంలో ఆపకపోతే మిగతా భారమంతా నడుముకు దిగుతుంది.

నడుముకు దిగడం అంటే ఏమిటో ఒక చిన్న లెక్క వేసుకుందాం. ఏతాన్ని చూసినవాళ్లకు ఇది తేలికే. దూలం పొడవాటి చివర బక్కెట, ఇరుసుకు దగ్గరగా మనిషి. దగ్గరగా ఉన్నవాడు బక్కెట బరువుకి ఎన్నో రెట్లు తొక్కాలి. మన వెన్నులో ఇరుసు అంటే డిస్కు. దాని వెనకున్న కండరాలు దానికి సుమారు 5 సెంటీమీటర్ల దూరంలోనే లాగగలవు. చేతిలో ఉన్న 20 కిలోల బరువు వెన్ను నుంచి 50 సెంటీమీటర్లు ముందుకుంటే, దాన్ని నిలపడానికి వెనక కండరం పదింతలు, అంటే 200 కిలోల బలంతో లాగాలి. ఆ లాగుడంతా డిస్కును నొక్కుతుంది. అదే 20 కిలోలు పొట్టకు ఆనించుకుంటే ఆ లెక్క సగానికన్నా కిందికి పడిపోతుంది. బస్తాను మెడకింద, వీపు పైభాగాన వేయించుకుని నడిచే హమాలీకి ఈ లెక్క ఎవరూ చెప్పలేదు. బరువును వెన్నెముకకు నేరుగా పైకి తెచ్చుకుంటే లాగాల్సిన పని తగ్గుతుందని అతని నడుమే చెప్పింది. రోజుకు ఎన్ని బస్తాలన్నది మాత్రం నడుము చేతిలో లేదు, అది వేరే బాధ.

నొక్కే బలం ఒక్కటే అయితే కథ సులువు. జార్చే బలం కూడా ఉంది. ఒక వెన్నుపూస కింది దానిమీద ముందుకో వెనక్కో జరగాలని చూస్తుంది. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయంలో స్టువర్ట్ మెక్‌గిల్ 2012లో కెటిల్‌బెల్ ఊపుళ్లను కొలిచాడు. కెటిల్‌బెల్ అంటే పిడి ఉన్న ఇనుపగుండు. రష్యా సంతల్లో ధాన్యం తూచే బాటుగా మొదలైంది. రెండు కాళ్ల మధ్య నుంచి ఛాతీ ఎత్తుకి దాన్ని తుంటి విసురుతో ఊపుతారు. 16 కిలోల గుండుకే నడుము కింది డిస్కుమీద సుమారు 3,200 న్యూటన్ల నొక్కుడు పడింది. పనిచోట్ల బరువులెత్తే కార్మికులకు అమెరికా వృత్తి ఆరోగ్య నిపుణులు పెట్టుకున్న హద్దు 3,400. గుండు చిన్నదని నడుము అనుకోదన్నమాట. అంతకంటే ఆసక్తికరమైంది దిశ. మామూలు ఎత్తుళ్లలో పై వెన్నుపూస ముందుకు జారాలని చూస్తే, ఈ ఊపుడులో వెనక్కి జారాలని చూసింది. కొందరికి కెటిల్‌బెల్‌తో నడుం నొప్పి తగ్గడం, మరికొందరు పెద్ద పెద్ద బార్లు హాయిగా ఎత్తుతూ ఈ చిన్న గుండుకే మూలగడం రెండూ మనం చూస్తుంటాం. ఆ వైరుధ్యానికి ఇదొక కారణం కావచ్చని మెక్‌గిల్ ఊహ. నాకు సబబుగానే తోస్తుంది. ఒక దిశలో గట్టిపడిన నడుము ఇంకో దిశకు కొత్తదే.

భయాలన్నీ నిజం కావు. 1961లో టెక్సస్ విశ్వవిద్యాలయంలో కార్ల్ క్లైన్ అనే పరిశోధకుడు, బరువుతో పూర్తిగా కిందికి కూర్చుని లేస్తే, అంటే పూర్తి స్క్వాట్ చేస్తే, మోకాలి లిగమెంట్లు వదులవుతాయని తేల్చాడు. ఆ మాట అమెరికా స్కూళ్లకూ సైన్యానికీ పాకి, తొడలు నేలకు సమాంతరంగా వచ్చాక ఆగిపోవాలన్న సూత్రం పుట్టింది. తర్వాత వచ్చిన అధ్యయనాల్లో ఆ వదులు కనిపించలేదు. పూర్తిగా కూర్చున్నప్పుడు తొడ వెనకభాగం పిక్కకు ఆనుకుని కొంత భారం అదే మోస్తుంది. మోకాలిచిప్ప తొడ ఎముకకు తాకే వైశాల్యమూ పెరుగుతుంది. తాలింఖానాల్లో వందలకొద్దీ బస్కీలు తీసిన పహిల్వాన్లను, గొంతుక్కూర్చుని నాట్లేసి కలుపుతీసే ఆడవాళ్లను అడిగివుంటే ఈ భయం అన్నేళ్లు నడిచేది కాదనిపిస్తుంది. ఒకటి ఒప్పుకోవాలి. వాళ్ల వీపుమీద వంద కిలోల బారు లేదు. చిన్నప్పటి నుంచి ఆ లోతు అలవాటున్న మోకాలికీ, కుర్చీల్లో పెరిగిన మోకాలికీ తేడా ఉంది. చివరికి వచ్చే ప్రశ్న మళ్లీ అదే: ఈ కీలు ఈ పని ముందు చేసిందా?

ఇదే ప్రశ్న జెఫర్సన్ కర్ల్ అనే కసరత్తుకు వేస్తే జవాబు ఇద్దరికి రెండు రకాలుగా వస్తుంది. బల్లమీద నిలబడి, చేతిలో బరువుతో, వెన్నును ఒక్కో పూసా విప్పుతున్నట్టు గుండ్రంగా కిందికి వంచి, మళ్లీ ఒక్కో పూసా పేర్చుకుంటూ లేవాలి. వీపు గుండ్రబడకూడదని జిమ్‌లలో పాఠంలా చెప్పే మాటకి పూర్తి వ్యతిరేకం. జిమ్నాస్టులు చాలా తక్కువ బరువుతో, ఏళ్లమీద నెమ్మదిగా పెంచుకుంటూ చేస్తారు. ఆ వంపులోనే వాళ్ల ఆట ఉంది. ఫాస్ట్ బౌలరు దాన్ని చూసి మర్నాడు పొద్దున్నే 40 కిలోలతో మొదలుపెడితే అది తగాదా కొనితెచ్చుకోవడమే. పొద్దున్న అని ఊరికే అనలేదు. రాత్రి పడుకున్నప్పుడు డిస్కులు నీరు పీల్చి ఉబ్బుతాయి. లేవగానే మనం ఒకటి రెండు సెంటీమీటర్లు పొడుగ్గా ఉండేది అందుకే. ఉబ్బిన డిస్కును వంచితే దానిమీద ఒత్తిడి బాగా పెరుగుతుంది.

ఇక నాకు బొత్తిగా గిట్టని రకం. గాలి నింపిన పెద్ద బంతిమీద, సగం బంతిలా ఉండే దిమ్మలమీద నిలబడో పడుకునో బరువులెత్తడం. కుదురులేని చోట చేస్తే ఒళ్లంతా పనిచేస్తుందని చెబుతారు. వినడానికి బాగానే ఉంటుంది. కెనడాలో డేవిడ్ బెమ్ బృందం కొలిచి చూస్తే, బల్లమీద ఛాతీతో నెట్టగలిగిన బలంలో బంతిమీద సుమారు 60 శాతం పోయింది. కాళ్లతో తన్నే బలం 70 శాతం దాకా పడిపోయింది. బలం పెరగాలంటే కండరానికి పెద్ద పని పెట్టాలి. పడిపోకుండా ఉండడానికే సగం శక్తి ఖర్చయితే పెద్ద పని ఎలా పెడతాం? 2007లో అమెరికా కాలేజీ సాకర్ ఆటగాళ్లలో కొందరికి 10 వారాలు గాలిదిళ్లమీద, కొందరికి నేలమీద అవే కసరత్తులు చేయిస్తే, ఎగిరే శక్తి బాగుపడింది నేలమీది వాళ్లకే. ఆటగాడు పరిగెత్తేదీ నేలమీదే కదా! చీలమండ బెణికి కోలుకుంటున్నవాడికి, చేతిలో బరువు లేకుండా, ఆ దిమ్మ మంచి మందు. మందును అన్నంలా తినకూడదు. 2009 అక్టోబరులో ఎన్‌బీఏ బాస్కెట్‌బాల్ ఆటగాడు ఫ్రాన్సిస్కో గార్సియా ఇలాంటి బంతిమీద పడుకుని డంబెల్స్ ఎత్తుతుంటే బంతి పేలింది. ముంజేయి విరిగి అతను నెలల తరబడి ఆటకు దూరమయ్యాడు.

ఇంకో మోసం పోలికలో ఉంది. బాక్సర్లు రెండు చేతుల్లో డంబెల్స్ పట్టుకుని గాల్లో గుద్దడం చూసేవుంటారు. చూపుకి అచ్చం గుద్దే. భూమి మాత్రం డంబెల్‌ను కిందికి లాగుతుంది, గుద్దు ముందుకి పోతుంది. డంబెల్‌ను పైకి పట్టి ఉంచడానికే భుజం అలసిపోతుంది తప్ప, ముందుకు నెట్టే కండరాలకు అదనంగా దక్కేది కొద్దిగానే. పైపెచ్చు చెయ్యి చాచిన చివర ఆ విసురును ఆపాల్సింది మోచేయి. గుద్దులా ఏమాత్రం కనిపించని కసరత్తు, బారు ఒక చివరను గోడ మూలలో ఆనించి రెండో చివరను నిలబడి ముందుకు నెట్టడం, దిశ లెక్కన గుద్దుకు ఎంతో దగ్గర చుట్టం.

ఈ చుట్టరికాల లెక్క తేల్చడంలో ఎక్కువ ఓపిక చూపినవాడు అనతోలీ బొందార్చుక్. మనం మొదలుపెట్టిన మ్యూనిక్‌లోనే, 1972లో, హ్యామర్ త్రోలో స్వర్ణం గెలిచిన సోవియట్ క్రీడాకారుడు. నాలుగేళ్లకు మాంట్రియల్‌లో తన శిష్యుడు యూరీ సెదిఖ్ స్వర్ణం గెలిస్తే తనకు కాంస్యం వచ్చింది. కోచ్‌కి అంతకంటే ఏం కావాలి? బొందార్చుక్ తన విసురుగాళ్లు చేసే ప్రతి కసరత్తునూ రాసిపెట్టి, ఏది పెరిగితే విసురు దూరం పెరుగుతోంది, ఏది పెరిగినా పెరగడం లేదు అని ఏళ్ల తరబడి పోల్చాడు. ఒక స్థాయి దాటాక స్క్వాట్‌లో ఇంకో 20 కిలోలు కలిసినా హ్యామర్ అంగుళం ముందుకు పోకపోవచ్చని తేలింది. ఆ స్థాయిలో పనికొచ్చింది 7.26 కిలోల అసలు హ్యామర్‌కన్నా కాస్త బరువైనవీ తేలికైనవీ విసరడం, బరువుతో నడుము తిప్పే రకరకాల ఎత్తుళ్లు. జిమ్‌లో మామూలువాళ్లు అవి చూస్తే వింతే. సెదిఖ్ 1986లో స్టుట్‌గార్ట్‌లో విసిరిన 86.74 మీటర్లు నేటికీ ప్రపంచ రికార్డు. బొందార్చుక్ పాఠాన్ని తిరగేసి కూడా చదవాలి. ఇంకా స్క్వాట్ కుదరని 17 ఏళ్ల పిల్లాడికి సెదిఖ్ చేసిన మెలితిప్పుళ్లు అక్కర్లేదు. వాడికి మామూలు ఎత్తుళ్లతోనే అన్నీ పెరుగుతాయి. మన అకాడమీల్లో నేను చూసిన తప్పు ఎక్కువగా ఇదే. చాంపియన్ పదో ఏట చేస్తున్నదాన్ని వీడియోలో చూసి మొదటి ఏటి పిల్లలకు పెడతారు.

ట్రాక్టరు టైరును దొర్లించడం అలా వచ్చినదే. స్ట్రాంగ్‌మన్ పోటీల సామాను ఇది: టైర్లు, దుంగలు, గుండ్రాళ్లు, రెండు చేతుల్లో బరువులతో నడక. 2014లో న్యూజిలాండ్ పరిశోధకులు 200 మందికి పైగా స్ట్రాంగ్‌మన్‌లను అడిగితే 82 శాతం మంది దెబ్బలు తగిలాయన్నారు. నడుము మొదటిది, భుజం రెండోది. ఇక్కడ తొందరపడకూడదు. ఆ దెబ్బల్లో సగానికి పైగా, 54 శాతం, తగిలింది మామూలు బార్లూ డంబెల్స్‌తోనే! అయితే వాళ్లు ఎక్కువ గంటలు గడిపేది వాటితోనే. గంటల లెక్కన విడదీస్తే వింత సామానుతో దెబ్బ తగిలే అవకాశం 1.9 రెట్లు. దాదాపు రెండింతలంటే భయపడాల్సినంత పెద్దదీ కాదు, కొట్టిపారేసేంత చిన్నదీ కాదు. మోసుకు నడవడం వల్ల తుంటి పక్క కండరాలకూ పిడికిలికీ వచ్చే పట్టు మామూలు స్క్వాట్‌లో రాదు. అందుకని ఆ రెండింతల ఖర్చు కొందరు ఆటగాళ్లకు గిట్టుబాటే.

టైరు దగ్గర మాత్రం ఒక టెండన్ గురించి హెచ్చరించాలి. అరచేతులు పైకి తిప్పి టైరు కింద పెట్టి, మోచేతులు చాచి ఉండగా లేపుతారు. ఆ స్థితిలో ముంజేతికి అతుక్కున్న బైసెప్స్ టెండన్ బాగా సాగి ఉంటుంది. టైరు కదలలేదని ఒక్కసారిగా మోచేయి ముడిస్తే, తుంటి, తొడలు చేయాల్సిన పని ఆ పేడులాంటి టెండన్ మీద పడుతుంది. టప్‌మని శబ్దం, చేతిమీద కండ ముద్దగా పైకి జరగడం, తర్వాత ఆపరేషన్. నేలమీది బారును తొడల దాకా లేపే డెడ్‌లిఫ్ట్‌లో ఒక అరచేయి లోపలికి, ఒకటి బయటికి తిప్పి పట్టుకునేవాళ్లకు కూడా తెగేది పైకి తిరిగిన చేతిలోనే. మోచేతులు ముడవకుండా, ఛాతీని టైరుకు ఆనించి, దాన్ని పైకి కాక ముందుకు నెట్టేవాళ్లకు ఈ గొడవ తక్కువ.

ప్రదర్శననూ సాధననూ కలిపేయడం ఇంకో చిక్కు. వీరఘట్టం నుంచి వచ్చిన కోడి రామమూర్తి నాయుడు ఛాతీమీదికి ఏనుగును ఎక్కించుకుని, కార్లను గొలుసులతో ఆపి కలియుగ భీముడనిపించుకున్నారు. అవి అబద్ధాలు కావు, మాయలూ కావు. అయితే అలాంటి ప్రదర్శనల్లో ఒంటిమీద వేసే పలక భారాన్ని ఒళ్లంతా పరుస్తుంది. కీళ్లు వంగకుండా ఎముకలు స్తంభాల్లా మోస్తాయి. కండరం దాన్ని అంగుళం కూడా కదిలించక్కర్లేదు. ఆ నిలకడ రావడానికి ఆయన వెనక ఏళ్ల సాము ఉంది. ఏనుగు పరీక్ష, సాము చదువు. ఏనుగుతో చదువు మొదలుపెట్టిన వాళ్ల పేర్లు మనకు మిగల్లేదు.

చదువుకు ఎంత కాలమంటే, శరీరంలో ఒక్కో భాగానిది ఒక్కో గడియారం. కొత్త కసరత్తులో మొదటి రెండు మూడు వారాల్లో పెరిగే బలం చాలావరకు నరాల నేర్పు. కండ తర్వాత వస్తుంది. టెండన్ ఇంకా నెమ్మది, దానికి నెలలు కావాలి. బలం వచ్చిందని మనసుకు తెలిసే సమయానికి టెండన్‌కు ఆ కబురే అంది ఉండదు. ప్రమాదం ఎక్కువగా ఈ సందులోనే. ఇంకొకటి: అలవాటులేని పని చేసిన ఒకటి రెండు రోజులకు ఒళ్లు పుండులా నొప్పి పెడుతుంది. అదే పని రెండు వారాల తర్వాత మళ్లీ చేస్తే ఆ నొప్పి సగం కూడా ఉండదు. కండ ఒకసారికే గుర్తుపెట్టుకుంటుంది, ఆ గుర్తు వారాల పాటు నిలుస్తుంది. అందుకే తెలిసిన కోచ్ వింత కసరత్తును ఆటలు లేని రోజుల్లో, మామూలుగా ఎత్తేదాంట్లో సగం బరువుతో, నాలుగైదు సార్లు మాత్రమే చేయించి వదిలేస్తాడు. టోర్నమెంటు వారంలో ఊళ్లోకి కొత్త సామాను వచ్చిందని పిల్లల్ని దానిమీదికి తోలడు.

మా ఉత్తరాంధ్ర పల్లెల్లో సంక్రాంతికి సంగిడీ రాళ్లు ఎత్తే పోటీలు పెడతారు. దసరా నుంచే చిన్న రాయితో మొదలుపెట్టి, సాయంత్రాలు నాలుగేసి సార్లు ఎత్తి దించి ఇంటికి పోయేవాళ్లు ఊరికి ఇద్దరు ముగ్గురుంటారు. మిగతా కుర్రాళ్లు భోగినాడు మోటారుసైకిల్ దిగి, చొక్కా విప్పి, ఏకంగా పెద్ద సంగిడీ దగ్గరికి వెళ్తారు. కనుమనాడు పంక్తిలో గారెలు ఎడమచేత్తో తింటున్నవాళ్లను లెక్కపెడితే వాళ్లెవరో తెలిసిపోతుంది.